ఇరవై నిమిషాలు ముందున్న ఇల్లు

కూత తాతకి ఆ పేరు ఇచ్చింది మిల్లు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ నూలుమిల్లులో సైరన్ వేసింది ఆయనే. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఆయన మీట నొక్కితే ఊళ్ళో అందరూ చేతి గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. మిల్లు మూతపడి తొమ్మిదేళ్ళయింది. అయినా ఎవరైనా "టైమెంత తాతా?" అని అడిగితే చాలు, ఆయన ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చేది. పొట్ట అప్పటికే ముందుండేది కాబట్టి పెద్దగా తేడా తెలిసేది కాదు.

అంతటి మనిషి ఇంట్లో గోడ గడియారం మాత్రం ఇరవై నిమిషాలు ముందు నడిచేది. పాడై కాదు. తాను ఆలస్యమైతే ఊరంతా ఆలస్యమవుతుందన్న బెంగతో ఉద్యోగంలో చేరిన రోజే ముల్లు తిప్పిపెట్టాడు. ఉద్యోగం పోయింది, మిల్లు పోయింది, ముల్లు అక్కడే ఉండిపోయింది. ఎవరైనా ఆ గడియారం చూసి టైమ్ చెప్పబోతే వంటింట్లోంచో, పెరట్లోంచో, ఒక్కోసారి స్నానాల గదిలోంచో అమ్మమ్మ గొంతు వచ్చేది.

"ఇరవై తీసెయ్యండి!"

తాత పని గడియారం చూడటం. తీసెయ్యడం అమ్మమ్మ పని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు. చేతికి గడియారం పెట్టుకోడు, సెల్‌ఫోన్ అమ్మమ్మ కొంగున ఉంటుంది. కాబట్టి తాత తనంతట తాను ఆ ఇరవై ఒక్కసారి కూడా తీసిన పాపాన పోలేదు.

ఆ వేసవిలో వీధిలో చిన్న చిన్న దొంగతనాలు మొదలయ్యాయి. అన్నీ మధ్యాహ్నం పూటే, తలుపులేసుకుని అందరూ కునుకు తీసేవేళ. ఒకరింట్లో ఇత్తడి కుళాయి పోయింది. ఇంకొకరింట్లో నీళ్ళ మోటారు తీగ పోయింది. తాత ఒక రోజు బజారుకెళ్ళి నాలుగు కెమెరాలూ, వాటి బొమ్మలు దాచే పెట్టె ఒకటీ చంకన పెట్టుకొచ్చాడు.

"బిగించడానికి మనిషిని పంపుతాం అన్నారా?" అంది అమ్మమ్మ.

"అన్నారు. వద్దన్నాను. వాడొచ్చి గోడకి కన్నాలు పెట్టి పోతాడు. ఆ కన్నాలేవో నేనే పెట్టుకుంటాను."

"మీ చేతుల్లో డ్రిల్లింగ్ మిషనా? నేను మా చెల్లెలింటికి పోతున్నా. ఇల్లు నిలబడి ఉంటే కబురు పెట్టండి." అన్నంత పనీ చేసి మూడు రోజులు వెళ్ళిపోయింది.

ఆ మూడు రోజులూ ఇల్లంతా తాతదే. మొదటి కన్నం గోడ దాటి అటువైపు స్నానాల గదిలోకి తేలింది, సబ్బు పెట్టె ఊడిపడింది. రెండోది ఫర్వాలేదు. మూడో కన్నానికి ఆయన చెయ్యి కుదిరింది. గేటు మీద ఒక కెమెరా, వరండాలో ఒకటి, పెరట్లో ఒకటి పెట్టాడు. తీగలన్నీ వాన నీటి గొట్టం వెంట లాగి, టీవీ కింద ఉన్న పెట్టెకి కలిపాడు. ఇంటర్నెట్ వద్దే వద్దన్నాడు. "అది పెడితే మనింటిని మనకన్నా ముందు ఎవడో చూస్తాడు" అని ఆయన భయం. అందుకని పెట్టె టైమ్ తనంతట తాను తెలుసుకోలేకపోయింది. తెర మీద గడులు చూపించి, టైమ్ ఎంతో చెప్పమని అడిగింది.

తాత కళ్ళజోడు సర్దుకుని, గోడ గడియారం వైపు చూసి, ఉన్నది ఉన్నట్టు కొట్టాడు.

వంటింట్లోంచి ఏ గొంతూ రాలేదు.

కెమెరాలు సరిగ్గా చూస్తున్నాయో లేదో పరీక్షించడానికి సాయమొచ్చింది ఎదురింటి టీచరమ్మ మేనల్లుడు. టీచరమ్మ లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, భర్త పోయాడు, కూతురు వేరే ఊళ్ళో ఉంటుంది. ఏడాది నుంచీ ఈ మేనల్లుడు ఆవిడ మేడ మీద గదిలో ఉంటున్నాడు. ఉద్యోగం ఏమిటంటే నవ్వుతాడు. ఆ నవ్వు బావుంటుంది కాబట్టి ఎవరూ రెండోసారి అడగరు.

"బాబాయ్, ఇక్కడ కనిపిస్తున్నానా?" అంటూ వీధిలో నడిచాడు.

"ఆ, కనిపిస్తున్నావ్."

"ఇక్కడ?"

"కనిపిస్తున్నావ్."

"ఇక్కడో?"

"ఊహూఁ. స్తంభం దాటాక లేవు."

"స్తంభం దాటితే లేనన్నమాట" అని మేనల్లుడు నవ్వి, మళ్ళీ ఒకసారి స్తంభం దాటి చూసుకున్నాడు. చిన్నపిల్లల ఆటలా ఉందని తాత కూడా నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుని తర్వాత ఎన్ని రోజులు తిండి సహించలేదో అమ్మమ్మకే తెలుసు.

నాలుగో కెమెరా సంగతి మాత్రం తాత ఎవరికీ చెప్పలేదు. ఖాళీ రంగు డబ్బా ఒకటి తీసుకుని, దాని పక్కకి రూపాయి బిళ్ళంత కన్నం చేసి, లోపల కెమెరా కూర్చోబెట్టి, మేడ మీద తీగ మొక్కల మధ్య వేలాడదీశాడు. చూసేవాళ్ళకి అదో పూలకుండీ. ఆ కన్ను స్తంభం అవతల ఉన్న సందు మొగని చూస్తుంది. టీచరమ్మ వెనక గుమ్మానికి దారి ఆ సందే.

అమ్మమ్మ తిరిగొచ్చి విషయం విని బుగ్గలు నొక్కుకుంది. "ఒకరి సందులోకి తొంగి చూడటమేంటండీ, ఈ వయసులో?"

"సందు వీధిది."

"కన్ను మీది కదా!" అని, ఆ తెర వంక చూడనని ఒట్టు పెట్టుకుంది. అన్నట్టుగానే చూడలేదు. టీవీ చూడాలన్నా కుర్చీ కాస్త పక్కకి తిప్పుకునేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం టీచరమ్మ తన ఇంట్లో తల పగిలి పడి ఉంది. మెడలో గొలుసు లేదు. చూసి అరిచింది పాలు పోయడానికొచ్చిన మనిషి. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం ఉంది, తెలివి లేదు.

టైమ్ మాత్రం నిమిషంతో సహా తెలిసింది. మూడూ అయిదుకి ఆవిడ కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. "ఎవరో వెనక తలుపు కొడుతున్నారే, ఉండు" అంది. తర్వాత ఫోన్ కింద పడ్డ చప్పుడు. అంతే.

ఇన్‌స్పెక్టర్ తాత ఇంటికొచ్చాడు. మేనల్లుడూ వెంట వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడు కెమెరాల్లోనూ ఏమీ లేదు. ఇన్‌స్పెక్టర్ లేవబోయాడు. అప్పుడు తాత గొంతు సవరించుకుని, పేకాటలో చివరి ముక్క దింపినట్టు, "ఇంకోటుంది సార్, సందు వైపు" అన్నాడు.

తాత గర్వంగా ఇన్‌స్పెక్టర్ మొహం చూస్తున్నాడు. మేనల్లుడి మొహం వైపు ఆ క్షణంలో చూసింది మంచినీళ్ళు తెచ్చిన అమ్మమ్మ ఒక్కతే. తడిగుడ్డలా పాలిపోయి ఉంది. మేనత్త మీద బెంగ కాబోలనుకుంది.

"నాకివ్వండి బాబాయ్, నేను తిప్పుతాను, నాకు అలవాటే" అని మౌస్ తనే తీసుకున్నాడతను. తెర మీద మూడయింది. ఖాళీ సందు. మూడూ నాలుగుకి ఎవరిదో వీపు సందులోకి తిరిగింది. మూడూ ఎనిమిదికి సందులోంచి ఒక మనిషి చంకలో మూటతో పరుగెత్తుకొచ్చాడు.

మడత.

వీధి చివర బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే మనిషి. చేతికేది దొరికినా మడత పెట్టేస్తాడని, ఆఖరికి పకోడీ పొట్లం కాగితం కూడా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాడని ఆ పేరు.

మేనల్లుడు ఊపిరి వదిలాడు. తాత ఆ శబ్దం విన్నాడు. జాలి అనుకున్నాడు. మూడూ ఇరవై దాకా నడిపి, "ఇంక చాల్లెండి సార్, దొరికాడుగా" అని ఆపేసింది మేనల్లుడే. అక్కడిదాకా ముక్క ఇన్‌స్పెక్టర్ తీసుకెళ్ళాడు. మడతని ఆ సాయంత్రమే బండి దగ్గర్నుంచి లాక్కుపోయారు.

"టీచరమ్మగారి బట్టలిచ్చి వస్తున్నానయ్యా! ఇస్త్రీ పెట్టె చొక్కా మీద వదిలేశానని గుర్తొచ్చి పరుగెత్తాను!" అని మొత్తుకున్నాడు. బండి మీద కాలిన చొక్కా నిజంగానే ఉంది. కాలిన చొక్కాకి టైమ్ ఉండదు. కెమెరాకి ఉంది.

మరుసటి రోజు నుంచీ తాత ఇంటికి జనం. ఆ ముక్క ఎన్నిసార్లు వేసి చూపించాడో లెక్క లేదు. "కూత తాత కన్ను లేకపోతే ఏమయ్యేది!" అన్నారు. తాత ఛాతీ నాలుగంగుళాలు ముందుకొచ్చింది.

అమ్మమ్మ మాత్రం అంది, "ఏమండీ, మంగళవారం మడత మన బట్టలు కూడా పట్టుకెళ్ళాడు. మూటగట్టి ఇచ్చాక, టీచరమ్మవి ఇచ్చేసి పోతానన్నాడు. నేనొచ్చి రేడియో పెట్టాను. మూడు గంటల వార్తలు ఇంకా మొదలవలేదు."

"నీకు టైమ్ గురించి ఏం తెలుసే? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరికి టైమ్ చెప్పిన వాణ్ణి, నాకు చెప్తావా?"

అమ్మమ్మ నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకుందంటే ఆ ఇంట్లో అదో అపశకునం.

శుక్రవారం మడత పెళ్ళాం వచ్చింది. తిడుతుందేమోనని తాత లోపలికి తప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఒక మూట గుమ్మంలో పెట్టి, "మీ బట్టలమ్మా. ఆ రోజు పట్టుకుపోకముందే చేసేశాడు. సరిపోయాయో లేదో చూసుకోండి" అంది.

"కూర్చో తల్లీ."

"కూర్చోనమ్మా. కోర్టుకి పంపేస్తారంట. వాళ్ళ దగ్గర బొమ్మ ఉందంట కదా." తెర ఉన్న వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది.

పైనున్నది తాత తెల్ల చొక్కా. కాలర్ నిలబడి ఉంది, మడతలు గీత గీసినట్టున్నాయి. తాత దాన్ని బీరువాలో పెట్టి తలుపు మూశాడు. తర్వాత ఎందుకో బీరువా తెరవాల్సిన పని పడ్డప్పుడల్లా అమ్మమ్మని పిలిచేవాడు.

మేనల్లుడు రోజూ వచ్చేవాడు. ఆస్పత్రిలో మేనత్త దగ్గర కూతురు ఉంటోందనీ, తనకి ఇంట్లో ఊపిరాడటం లేదనీ చెప్పేవాడు. వరండాలో కూర్చుని, ఏవో మాటల మధ్య అడిగేవాడు.

"ఎన్ని రోజులుంటాయి బాబాయ్ బొమ్మలు అందులో?"

"ఏడు రోజులు. తర్వాత పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది."

"ఏడంటే... మంగళవారం మధ్యాహ్నం దాకా."

"అంతే."

"వేరే ఎక్కడా ఉండదు కదూ?"

"ఎక్కడ ఉంటుంది?"

అడిగిందే మళ్ళీ మర్నాడు అడిగేవాడు. ఒకసారి మేడ మీది రంగు డబ్బా కింద నిలబడి, పైకి చూస్తూ, పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంటూ ఉండగా అమ్మమ్మ చూసింది. తెర మీద ఉండాల్సింది ఏదో ఎందుకు లేదో అర్థంకాని మనిషిలా ఉన్నాడు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. మంగళవారం తాత కెమెరాలు తుడిచే రోజు. పాత బనీను ముక్క భుజాన వేసుకుని నిచ్చెనెక్కి, గేటు కెమెరా మీద సాలెగూడు తీసి, వరండా కెమెరా అద్దం మీద దుమ్ము ఊది, పెరటి కెమెరా మరలు బిగించి వచ్చేసరికి కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. పెట్టె చవకరకం. కరెంటు పోయేసరికి టైమ్ మర్చిపోయింది. తెర మీద మళ్ళీ ఖాళీ గడులు చూపించింది.

తాత కళ్ళజోడు సర్దుకుని గోడ గడియారం చూశాడు. "పన్నెండూ నలభై" అని పైకి అనుకుంటూ మౌస్ పట్టుకున్నాడు.

వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"ఇరవై తీసెయ్యండి!"

తాత చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొయ్యి మీద పోపు చిటపటలాడుతోంది. అమ్మమ్మ పొయ్యి కట్టెయ్యకుండానే గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తాత గడియారాన్నే చూస్తున్నాడు, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు.

"ఏమయిందండీ?"

"అప్పుడు నువ్వు ఇంట్లో లేవు" అన్నాడు తాత.

"ఎప్పుడు?"

"ఇది పెట్టినప్పుడు."

అమ్మమ్మ గడియారం చూసింది, పెట్టె చూసింది. ఆవిడకి చదువు లేదు గానీ, నలభై ఏళ్ళుగా ఇరవై తీసేస్తున్న మనిషికి లెక్క చెప్పక్కర్లేదు. మడత సందులోంచి వచ్చింది మూడూ ఎనిమిదికి కాదు. మూడింటికి పన్నెండు నిమిషాలు తక్కువకి. అప్పటికి టీచరమ్మ ఫోన్ కూడా అందుకోలేదు.

"అయితే మూడూ అయిదుకి వచ్చిందెవరు?" అంది.

ఒట్టు మర్చిపోయి తెర ముందు కింద కూర్చుంది. తాత పోయిన మంగళవారానికి వెనక్కి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ పట్టుకెళ్ళిన ముక్క మూడూ ఇరవైకి ఆగిపోయింది. దాని తర్వాత ఏముందో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మూడూ ఇరవై ఒకటి. ఖాళీ సందు, ఎండ. ఇరవై రెండు. ఒక కుక్క లేచి నీడలోకి జరిగింది. ఇరవై మూడు.

ఇరవై నాలుగుకి స్తంభం అవతల నుంచి ఒక మనిషి వచ్చాడు. గేటు కెమెరాకి దొరక్కుండా స్తంభం అంచు వెంటే, కొలిచినట్టు అడుగులు వేస్తూ వచ్చాడు. సందులోకి తిరిగేముందు వెనక్కి చూశాడు. మొహం నిండుగా పడింది. ఎనిమిది నిమిషాల తర్వాత బయటికొచ్చాడు. చెయ్యి జేబులో ఉంది, ఆ జేబుని ఇంకో చేత్తో అదిమి పట్టుకున్నాడు.

అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ తల్లి చేత్తో అన్నం తిన్నాడండీ ఏడాది పాటు."

తాత చెవుల్లో "ఇక్కడ కనిపిస్తున్నానా బాబాయ్?" అన్న మాట తిరుగుతోంది. అదే తెర మీద, మూలన ఉన్న చిన్న గడిలో, గేటు కెమెరా ఇప్పటి వీధిని చూపిస్తోంది. అందులో మేనల్లుడు గేటు గడియ తీస్తున్నాడు.

తాత ఆ చిన్న గడినే చూస్తూ కూర్చున్నాడు. అమ్మమ్మ లేచింది. గోడ దగ్గర తీగ పీకి, పెట్టె రెండు చేతులా ఎత్తి, మంచం మీద విప్పిన బట్టల మధ్య పడేసి, దుప్పట్లో మూటగట్టింది. పెట్టె ఉన్న ఖాళీకి తాత అడ్డంగా జరిగి కూర్చునేసరికి చెప్పులు వరండా ఎక్కాయి.

"బాబాయ్, కరెంటు పోయిందిగా, మీ పెట్టె బాగానే ఉందా? ఉన్నవన్నీ పోయాయా ఏంటి?"

తాత అబద్ధం ఆడలేడు. ఆడితే చెవులు ఎర్రబడతాయి. అప్పటికే ఎర్రబడుతున్నాయి.

"పోయిందయ్యా" అంది అమ్మమ్మ మూట చంకనెత్తుకుని. "తెర చూడు, నల్లగా. ఈయన అప్పట్నుంచీ గోడకి అతుక్కుపోయి కూర్చున్నాడు. లేవండి, బట్టలు ఇస్త్రీకి ఇచ్చొద్దాం, కాస్త గాలి తగుల్తుంది."

మేనల్లుడు నల్లటి తెర చూశాడు. భుజాలు కిందికి దిగాయి. నవ్వు రాబోయి, సగంలో ఆగింది.

"ఇస్త్రీకా? మడత లోపల ఉన్నాడుగా పిన్నీ?"

వంటింట్లో మాడిన పోపు వాసన గదంతా నిండింది.

"వాడి పెళ్ళాం చేస్తోందిలే" అంది అమ్మమ్మ. "మొగుడు లోపలుంటే దాని పొట్ట ఊరుకుంటుందా? ఆ పోపు మాడిపోతోంది, కాస్త స్టవ్ కట్టేసి, తలుపు దగ్గరేసి వెళ్ళు నాయనా."

అతను వంటింట్లోకి వెళ్ళాడు. వీళ్ళు వీధిలోకి వచ్చారు.

ఎండ పెళపెళలాడుతోంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. తాత మూట తీసుకోబోతే అమ్మమ్మ ఇవ్వలేదు. "మీరు పట్టుకుంటే పెట్టెలా పట్టుకుంటారు. నేను బట్టల్లా పట్టుకుంటాను." స్తంభం దాటారు. సందు దాటారు. మడత బండి గోనెపట్టా కప్పుకుని ఉంది, దాని పక్కన ఎవరూ లేరు. ఇస్త్రీ చేస్తున్న పెళ్ళామూ లేదు, బొగ్గుల వాసనా లేదు. అక్కడి దాకా వచ్చి చూసేవాళ్ళకి ఆ అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది.

వెనక తమ ఇంటి గేటు చప్పుడైంది.

"తిరిగి చూడకండి" అంది అమ్మమ్మ.

చెప్పుల చప్పుడు వాళ్ళ వెనకే కొంత దూరం వచ్చింది. మొదట నెమ్మదిగా, తర్వాత కొంచెం తొందరగా. బండి దగ్గర ఆగింది. ఆ ఆగడం తాతకి వీపు మీద తెలిసింది. తాత ముప్ఫై ఒక్క ఏళ్ళు మిల్లుకి నడిచిన నడక అందుకున్నాడు. అమ్మమ్మ మూట పొట్టకి హత్తుకుని పక్కనే పరుగులాంటి నడక. మలుపు తిరిగి, మందుల షాపు దాటి, స్టేషన్ మెట్లెక్కేదాకా ఇద్దరూ ఆగలేదు.

ఇన్‌స్పెక్టర్ అన్నం డబ్బా మూత తీస్తున్నాడు. "ఏంటి పెద్దాయనా, ఈ ఎండలో?"

అమ్మమ్మ బల్ల మీద మూట విప్పింది. చొక్కాల మధ్య నుంచి పెట్టె బయటపడింది. తాత నిలబడే ఉన్నాడు. ఊరంతా తన మాట విని గడియారం సరిచేసుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. పక్క గదిలో కటకటాల వెనక ఒక మనిషి గోడకి ఆనుకుని కూర్చుని, ఎక్కడో దొరికిన కాగితం ముక్కని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతున్నాడు.

తాత పొట్టతో సహా వెనక్కి తగ్గి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"నా టైమ్ తప్పు సార్. ఆ రోజు కెమెరా చూపించిన దాంట్లోంచి ఇరవై తీసెయ్యండి."